ఊరంతటికీ ఒకే బావి



మా నాన్నగారు రేడియోను ఎప్పుడూ రేడియో అనలేదు. ట్రాన్సిస్టర్ అనేవారు. మా ఊళ్లో అందరిదీ అదే మాట. "ట్రాన్సిస్టర్ ఇలా పట్రారా, వార్తల టైమైంది" అని కేకేస్తే, దాన్ని చంకన పెట్టుకుని కళ్లం దాకా పరుగెత్తాల్సింది నేనే. లోపల ఎక్కడో ఉన్న బఠాణీ గింజంత ముక్క పేరు మొత్తం పెట్టెకు అతుక్కుపోయింది. 1954లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మొదటి జేబు రేడియోలో అలాంటి ముక్కలు నాలుగంటే నాలుగే. ఇవాళ మీరు నా మాటలు సెల్‌ఫోన్‌లో వింటున్నట్లయితే, దాని ప్రధాన చిప్‌లో ఉండే ట్రాన్సిస్టర్లు వెయ్యి కోట్లకు అటూ ఇటూ. నాలుగున్న రోజుల్లో పెట్టెకు వాటి పేరే పెట్టుకున్నాం. వెయ్యి కోట్లు చేరాక వాటి ఊసే మరిచిపోయాం.

మళ్లీ ఆ ఊసు వచ్చింది కార్లు దొరకని ఏడాది.

2021లో మా తమ్ముడు ఒక కారు బుక్ చేశాడు. నెల అన్నారు, మూడు నెలలన్నారు, చివరికి ఏడు నెలలైంది. ఎప్పుడు వెళ్లినా షోరూంలో ఒకటే జవాబు: "చిప్ రాలేదు సార్." వాడికి ఒళ్లు మండేది. ఇంజన్ వచ్చింది, టైర్లొచ్చాయి, ఇనుమంతా వచ్చింది, గోరంత చిప్ రాలేదంటే ఎలా అని. నిజానికి వాడొక్కడి గొడవ కాదది. 2022 అక్టోబర్‌లో టొయోటా కంపెనీ జపాన్‌లో కారు కొన్నవాళ్లకు రెండు స్మార్ట్ తాళంచెవులకు బదులు ఒక స్మార్ట్ తాళంచెవి, ఒక మామూలు ఇనప తాళంచెవి చేతిలో పెట్టింది. రెండోది చిప్‌లు దొరికాక ఇస్తామంది. తాళం చెవికి కూడా కరువొచ్చిందన్నమాట.

ఈ టొయోటాయే కదా, సరుకు నిలవ పెట్టుకోవడం దండగ, అవసరమైన రోజుకు అవసరమైనంతే రావాలి అని ప్రపంచానికి నేర్పింది! మన పెద్దవాళ్లు వింటే నవ్వేవారు. గాదెలో ఏడాది గింజలు, జాడీలో ఏడాది ఆవకాయ లేని ఇంటికి పిల్లనిచ్చేవారు కాదు. 2011 భూకంపం, సునామీ తర్వాత టొయోటాకు కూడా గాదె గుర్తొచ్చింది. చిప్‌ల వరకూ రెండు నుంచి ఆరు నెలల నిలవ ఉంచమని తనకు సరఫరా చేసేవాళ్లను కోరింది. అందుకే 2021 తొలినాళ్లలో మిగతా కంపెనీలు విలవిల్లాడుతుంటే అది నిలదొక్కుకుంది. కానీ కరువు సాగేకొద్దీ గాదె కూడా అడుగంటింది. ఆ సెప్టెంబర్‌లో టొయోటా కూడా ప్రపంచవ్యాప్తంగా తన ఉత్పత్తిని 40 శాతం తగ్గించుకోక తప్పలేదు.

కరువుకు మొదటి కారణం కార్ల కంపెనీల తొందరపాటే. 2020 వసంతంలో కోవిడ్ రాగానే, ఇక కార్లెవరు కొంటారని ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. ఇళ్లలో కూర్చున్న జనం లాప్‌టాప్‌ల కోసం ఎగబడ్డారు. చిప్ ఫ్యాక్టరీలు ఆ ఖాళీని లాప్‌టాప్ చిప్‌లకిచ్చేశాయి. కార్లవాళ్లు తిరిగొచ్చేసరికి వరుసలో ఆఖరి చోటే మిగిలింది. ఒక వేఫర్, అంటే చిప్‌లు చెక్కే ఆ పల్చటి సిలికాన్ పళ్లెం, ఫ్యాక్టరీలోకి వెళ్లి బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. డబ్బు కుమ్మరించినా వరి పైరు ముందుగా కోతకు రాదు కదా, ఇదీ అంతే.

దాని మీద ప్రకృతి, ప్రమాదాలు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపానుకు కరెంటు పోయి ఆస్టిన్‌లోని చిప్ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. మార్చి 19న జపాన్‌లోని నాకాలో రెనెసాస్ కంపెనీ ఫ్యాక్టరీలో లోహపు పూత వేసే ఒక యంత్రం అంటుకుంది. కాలింది ఎంత? సుమారు 600 చదరపు మీటర్లు. మన ఊరి కల్యాణ మండపమంత. అయితే ఆ కాలిన చోట తయారయ్యేవాటిలో ఎక్కువ భాగం కార్ల చిప్‌లే. కార్ల కంపెనీలు తమ ఇంజనీర్లనే అక్కడికి పంపి మసి తుడిపించాయి.

ఆ వార్త చదివిన రోజు నాకు తట్టిన పోలిక ఒకటుంది. ఈ పరిశ్రమ పైనుంచి చూస్తే మహానగరం. లోపలికి దిగితే, ఊరంతటికీ ఒకే మంచినీళ్ల బావి ఉన్న పల్లె. వీధులు ఎన్నయినా వేసుకోవచ్చు, మేడలు ఎన్నయినా కట్టుకోవచ్చు. బిందె పట్టుకుని అందరూ వెళ్లేది అక్కడికే.

అలాంటి బావుల్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది స్ప్రూస్ పైన్. అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో సుమారు 2,000 మంది జనాభా ఉన్న ఊరు. అక్కడ దొరికే క్వార్ట్జ్ రాయంత శుద్ధమైనది ప్రపంచంలో మరెక్కడా ఆ మోతాదులో దొరకదు. చిప్‌లోకి వెళ్లేది ఆ రాయి కాదు. దానితో పాత్ర చేస్తారు.

కంసాలి బంగారం కరిగించే మూస చూశారుగా? సిలికాన్‌కు కూడా అలాంటి మూసే కావాలి. 1,414 డిగ్రీల దగ్గర కరిగిన సిలికాన్‌లో చిన్న స్ఫటికపు ముక్కను ముంచి, తిప్పుతూ మెల్లగా పైకి లాగుతారు. దాని చుట్టూ సిలికాన్ గడ్డకట్టుకుంటూ నిలువెత్తు కడ్డీలా పైకొస్తుంది. ఈ పద్ధతికి ఆద్యుడు పోలండ్ శాస్త్రవేత్త యాన్ చొక్రాల్‌స్కి. 1916లో ఆయన సిరాబుడ్డిలో ముంచబోయి పొరపాటున కరిగిన తగరంలో కలం ముంచాడనీ, పైకి తీస్తే పాళీకి సన్నటి లోహపు తీగ వేలాడిందనీ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, నా క్లాసులో దీనికి మించి పిల్లలు గుర్తుపెట్టుకున్న పాఠం లేదు.

ఇక్కడొక చిక్కుంది. అంత వేడిలో మూస కూడా కొద్దికొద్దిగా కరిగి సిలికాన్‌లో కలుస్తుంది. సిలికాన్‌లోనేమో వంద కోట్ల పరమాణువులకు ఒక్క పరాయి లోహపు పరమాణువు కూడా ఉండకూడదు. అందుకే మూస చేసిన రాయికి కూడా అంత మడి. పైగా చల్లారేసరికి ఆ మూస పగిలిపోతుంది, మళ్లీ కొత్తది కావాలి.

2024 సెప్టెంబర్ చివర్లో హెలీన్ తుపాను ఆ కొండల మీద పడింది. అనంతపురానికి ఏడాది మొత్తం మీద పడే సగటు వాన కన్నా ఎక్కువ, స్ప్రూస్ పైన్‌లో రెండు మూడు రోజుల్లో కురిసింది. రోడ్లు పోయాయి, రైలు పట్టాలు పోయాయి, గనులు నడిపే రెండు కంపెనీలు, సిబెల్కో, ద క్వార్ట్జ్ కార్ప్, పని ఆపేశాయి. తైవాన్‌లో, కొరియాలో, జపాన్‌లో పెద్ద పెద్ద కంపెనీల వాళ్లు ఆ వారం అట్లాసు తీసి ఈ ఊరి పేరు వెతుక్కుని ఉంటారు. రెండు వారాల్లో గనులు మళ్లీ మొదలయ్యాయి. మూసలు చేసేవాళ్ల దగ్గర నిలవ ఉండబట్టి కరువు రాలేదు. ఇక్కడ గాదె కాపాడింది.

ఇసుక మన దగ్గరా ఉంది కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. ఉంది. గూడూరు వైపు చిల్లకూరు, కోట మండలాల తెల్లటి సిలికా ఇసుక గాజు పరిశ్రమకు పేరున్న సరుకే. కానీ గాజు సీసాకు పనికొచ్చే తెలుపు వేరు, ఈ మూసకు కావలసిన తెలుపు వేరు. చిప్‌లు ఇసుకతో చేస్తారు అన్న ఒక్క ముక్క పట్టుకుని మన దగ్గర కొందరు చేసే ప్రసంగాలు వింటే నాకు నవ్వొస్తుంది.

ఇక గాలి సంగతి. 2021 ఏప్రిల్ గుర్తుందా? కోవిడ్ రోగుల కోసం విశాఖ స్టీల్ ప్లాంటు నుంచి మహారాష్ట్రకు మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు బయలుదేరిన రోజులు. ఉక్కు కర్మాగారానికి ఆక్సిజన్ కావాలి కాబట్టి అది పక్కనే గాలిని గడ్డకట్టే చలిలో ద్రవంగా మార్చి విడగొట్టే ప్లాంటు పెట్టుకుంటుంది. ఆక్సిజన్, నైట్రోజన్, ఆర్గాన్ వేరవుతాయి. పది లక్షల పాళ్ల గాలిలో 18 పాళ్లు నియాన్ కూడా ఉంటుంది. చాలాచోట్ల దాన్ని ఎవరూ పట్టించుకోరు, తిరిగి గాలిలో కలిసిపోతుంది. సోవియట్ కాలంలో ఉక్రెయిన్‌లోని ఉక్కు కర్మాగారాలు మాత్రం దాన్ని పట్టి ఉంచేవి. చిప్‌ల మీద గీతలు గీసే లేజర్లలో నింపే వాయువులో నూటికి 95 పాళ్లకు పైగా నియానే. మరియుపోల్, ఒడెసా నగరాల్లోని రెండు కంపెనీలు ప్రపంచ చిప్ పరిశ్రమ వాడే నియాన్‌లో సగం దాకా శుద్ధి చేసేవి. 2022లో యుద్ధం వచ్చి రెండూ ఆగాయి.

అయినా కొంప మునగలేదు. ఎందుకంటే 2014లో క్రిమియా గొడవప్పుడు నియాన్ ధర ఒక్కసారి చుక్కలనంటి, కొందరికి బుద్ధొచ్చింది. లేజర్‌లో వాడిన వాయువునే శుద్ధి చేసి మళ్లీ వాడుకోవడం నేర్చుకున్నారు. దక్షిణ కొరియాలో పోస్కో కంపెనీ గ్వాంగ్యాంగ్‌లోని తన స్టీల్ ప్లాంటులోనే నియాన్ తీయడం మొదలుపెట్టింది. కొత్త బావి తవ్వడమంటే ఇదీ. దానికి రిబ్బన్ కత్తిరింపులు, పత్రికల్లో మొదటి పేజీ ఫోటోలు ఉండవు. ఉక్కు ఫ్యాక్టరీ మూల ఇంకో నాలుగు గొట్టాలు బిగించారు, అంతే. నన్నడిగితే, ఈ పదేళ్లలో చిప్ పరిశ్రమలో జరిగిన తెలివైన పనుల్లో అదొకటి.

బావి అన్నాను కదా. నిజంగా నీళ్లే కరువైన కథ తైవాన్‌ది. 2020లో ఒక్క తుపాను కూడా తైవాన్ తీరం దాటలేదు. 2021 వేసవికి 56 ఏళ్లలో ఎన్నడూ చూడని కరువొచ్చింది. చిప్ తయారీలో దాదాపు ప్రతి అంచె తర్వాతా వేఫర్‌ను కడగాలి. అంచెలు వందల్లో ఉంటాయి. అందుకు వాడే నీటిలో ఉప్పు గానీ దుమ్ము గానీ చివరికి కరిగిన గాలి గానీ ఉండకూడదు. ప్రపంచంలోకెల్లా పెద్ద కాంట్రాక్టు చిప్ కంపెనీ టీఎస్ఎంసీ, మన కాలనీల్లో వేసవిలో చేసినట్టే, నీళ్ల ట్యాంకర్లు మాట్లాడుకుంది. ప్రభుత్వం మరో పని చేసింది. లక్షా 80 వేల ఎకరాలకు పైగా పంట భూములకు కాలువ నీళ్లు ఆపేసింది. రైతులకు నష్టపరిహారం ఇచ్చారు. అయినా, చివరి ఆయకట్టు రైతు ముఖం ఎలా ఉంటుందో కృష్ణా, గోదావరి, నాగార్జున సాగర్ కాలువల కింద బతికిన మనకు ఎవరూ వర్ణించి చెప్పనక్కర్లేదు. పరిహారం చేలో వేసుకుంటే మొలకెత్తదు. టీఎస్ఎంసీ తాను వాడే నీటిలో 80 శాతానికి పైగా తిరిగి శుద్ధి చేసుకుంటుంది, అది ఒప్పుకోవాలి. అయినా గేటు ఎవరి వైపు దింపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అది పొలం వైపే దిగింది. మన రాష్ట్రాల్లో చిప్ ఫ్యాక్టరీకి స్థలం చూసేటప్పుడు ఎకరాల లెక్క కన్నా ముందు ఈ లెక్క తేలాలని నా పట్టుదల.

రసాయనాల గురించి రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళతాను. 2019 మొదట్లో టీఎస్ఎంసీకి వచ్చిన ఒక విడత ఫొటోరెసిస్ట్, అంటే వేఫర్ మీద పూసే వెలుతురు తగిలితే మారే పూత, చెడ్డదని తేలింది. వేల వేఫర్లు పారేశారు. 55 కోట్ల డాలర్ల ఆదాయం పోయింది. అదే ఏడాది జులైలో జపాన్, కొరియాతో పాత కక్షల మధ్య, మూడు రసాయనాల ఎగుమతికి అనుమతులు బిగించింది. కొరియాలోని శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్ లాంటి పర్వతాలు మూడు సీసాల ముందు వణికాయి.

ఇంత జరిగాక ప్రభుత్వాలు ఏం చేశాయి? మేడలు కట్టడం మొదలుపెట్టాయి. 2022 ఆగస్టులో అమెరికా చిప్స్ చట్టం చేసి 5,270 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. టీఎస్ఎంసీ 2020లో అరిజోనా ఎడారిలో 1,200 కోట్ల డాలర్లతో ఒక ఫ్యాక్టరీ అంది. 2025 మార్చికి ఆ అంకె 16,500 కోట్ల డాలర్లయింది. అన్నీ ఇలా పెరగలేదు. ఇంటెల్ 2025కే ఒహాయోలో తెరుస్తానన్న ఫ్యాక్టరీ 2030 దాకా జరిగిపోయింది. జర్మనీలో మాగ్డెబుర్గ్ దగ్గర 3,000 కోట్ల యూరోలతో కడతానన్నది 2025 జులైలో రద్దే చేసుకుంది.

అరిజోనా ఫ్యాక్టరీ నడుస్తోంది, మంచి చిప్‌లే చేస్తోంది. కానీ కృత్రిమ మేధకు వాడే పెద్ద చిప్‌ల వేఫర్లు అక్కడ తయారయ్యాక విమానమెక్కి మళ్లీ తైవాన్ వెళ్లాయి. ప్యాకేజింగ్ కోసం. వేఫర్‌ను చిప్‌లుగా కోసి, తీగలు కలిపి, కాళ్లు తగిలించి, పెట్టెలో బిగించి, పరీక్ష చేసే పని అది. కొత్త ఇల్లు పసిఫిక్ ఒక ఒడ్డున కట్టారు, నీళ్లకు మాత్రం ఇంకో ఒడ్డు బావికే వెళ్లాల్సి వచ్చింది.

ఈ ప్యాకేజింగ్‌ను చాలాకాలం కూలి పనిగా చూశారు. దాని విలువ 2025 అక్టోబర్‌లో అందరికీ తెలిసొచ్చింది. నెక్స్‌పీరియా అని నెదర్లాండ్స్ కంపెనీ, యజమానులు చైనావాళ్లు. చేసేవి కొమ్ములు తిరిగిన చిప్‌లేమీ కావు. కారు దీపాలకు, అద్దాలకు, బ్రేకులకు వాడే, ఒక్కోటి కొద్ది రూపాయలు కూడా చేయని డయోడ్లు, ట్రాన్సిస్టర్లు. డచ్ ప్రభుత్వం ఆ కంపెనీ పగ్గాలు చేతిలోకి తీసుకుంది. చైనా వెంటనే అక్కడి నుంచి ఎగుమతులు ఆపింది. వేఫర్లు జర్మనీలోని హాంబుర్గ్‌లో చేసినా, ఎక్కువ భాగం ప్యాకింగ్ చైనాలోని డోంగ్వాన్‌లో. మెక్సికోలో హోండా కార్ల ఫ్యాక్టరీ ఆగిపోయింది. మా నాన్నగారి ట్రాన్సిస్టర్‌లో ఉన్న రకం ముక్క చాలక, 2025లో, కారు ఆగింది!

మన కథ ఇక్కడి నుంచి చూస్తేనే సరిగా కనిపిస్తుంది. చిప్‌ల కోసం మనం తలుపు తట్టడం ఇది మొదటిసారి కాదు. మొహాలీలో ప్రభుత్వ ఫ్యాక్టరీ 1984లోనే ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. తిరిగి లేచేసరికి ప్రపంచం చాలా దూరం వెళ్లిపోయింది. అయినా ఇస్రో రాకెట్ల కోసం చేసిన విక్రమ్ ప్రాసెసర్ అక్కడిదే. ఇక హైదరాబాద్‌వాళ్లకు ఫ్యాబ్ సిటీ పేరు తెలుసు. 2006 ప్రాంతంలో సెమ్‌ఇండియా అనే సంస్థ 300 కోట్ల డాలర్లతో చిప్ ఫ్యాక్టరీ పెడుతుందన్నారు. రావిర్యాల వైపు భూములిచ్చారు. రోడ్లొచ్చాయి, భూముల ధరలు లేచాయి, తర్వాత సోలార్ కంపెనీలు, ఇతర ఎలక్ట్రానిక్స్ యూనిట్లు వచ్చాయి. ఫ్యాబ్, అంటే చిప్ ఫ్యాక్టరీ, మాత్రం పేరులోనే మిగిలింది.

ఈసారి లెక్క కొంత మారింది. 2021 డిసెంబర్‌లో కేంద్రం 76,000 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. గుజరాత్‌లోని ధొలేరాలో టాటాలు, తైవాన్‌కు చెందిన పీఎస్ఎంసీ సాయంతో, 91,000 కోట్లతో నెలకు 50,000 వేఫర్ల ఫ్యాక్టరీ కడుతున్నారు. అత్యాధునిక చిప్‌ల జోలికి పోకుండా కార్లకు, కరెంటు మీటర్లకు పనికొచ్చే పాత తరం రకాలతో మొదలుపెడుతున్నారు. కొందరు దీన్ని ఎద్దేవా చేస్తారు. నాకైతే అది ఇంగితం తెలిసిన పనే అనిపిస్తుంది, కరువొచ్చింది ఆ రకాలకే కాబట్టి. అస్సాంలో జాగీరోడ్‌లో మూతపడిన పేపర్ మిల్లు స్థలంలో ప్యాకేజింగ్ ప్లాంటు లేస్తోంది. 2025 ఆగస్టులో కేంద్రం అనుమతించిన నాలుగింటిలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌ది. కొరియా కంపెనీ సాంకేతిక సాయంతో ఏడాదికి 9.6 కోట్ల యూనిట్ల ప్యాకేజింగ్. మొత్తం 468 కోట్ల పెట్టుబడి. పక్కపక్కన పెట్టి చూస్తే ధొలేరా ముందు ఇది పిల్లకాలువ. నెక్స్‌పీరియా గొడవ చూశాక దాన్ని చిన్నచూపు చూడాలనిపించడం లేదు.

అయితే బావుల మాటేమిటి? ఈ ప్రశ్న నేను ఈ మధ్య ఒక డిగ్రీ కాలేజీలో పిల్లలనే అడిగాను. చిప్ డిజైన్ చేసే ఇంజనీర్లు హైదరాబాద్‌లో వేలమంది ఉన్నారు, అది మన బలం, బాగుంది. ఫ్యాక్టరీ లేస్తే దానికి ఆమ్లం ఎక్కడిది, వాయువు ఎక్కడిది, వేఫర్‌ను కడిగాక ఆరబెట్టే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎక్కడిది అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచాడు.

"ఐపీఏనా సార్? మా మేనమామ జీడిమెట్లల సాల్వెంట్ల కంపెనీల పనిచేస్తడు. ట్యాంకర్లకు ట్యాంకర్లు వస్తది. మందుల కంపెనీలకు పోతది. గది పనికిరాదా?"

పనికిరాదన్నాను. మందుల్లో వాడేది ఎంత శుద్ధమైనా చిప్‌కు చాలదు. అందులో ఇనుము, సోడియం లాంటివి వంద కోట్ల పాళ్లలో ఒక పాలు ఉన్నా ఎక్కువే.

"మరి దాన్నే ఇంకింత శుద్ధి చేస్తే?" అన్నాడు. క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు. హైదరాబాద్ చుట్టూ నలభై యాభై ఏళ్లుగా సాల్వెంట్లు కాచి, వడపోసి, తిరిగి వాడుకోవడం తెలిసిన చేతులున్నాయి. కొరియాలో ఉక్కు ఫ్యాక్టరీవాళ్లు నియాన్ తీసినప్పుడు వాళ్ల దగ్గర ఉన్నది కూడా అలాంటి చేతులే. "మీ మామయ్యనే అడిగి చెప్పు" అన్నాను.

పోయిన వారం ఫోన్ చేశాడు. వాళ్ల ల్యాబులో లోహాలు కొలిచే యంత్రం ఉందట. వంద కోట్లలో ఒక పాలు దాకా చూస్తుందట. అంతకన్నా తక్కువ చూడాలంటే యంత్రం సంగతి తర్వాత, ముందు అది పెట్టిన గదిని మార్చాలట, గదిలో గాలే మురికి అట. ఆ గదికి ఎంతవుతుందో కొటేషన్ అడిగారట. వచ్చాక చెప్తా సార్ అన్నాడు.